పార్ట్స్ వాషర్‌లో ఏం పోయాలి? చౌక సాల్వెంట్ అసలు లెక్క

పార్ట్స్ వాషర్, అంటే మెషీన్ల విడిభాగాల మీది జిడ్డు కడిగే తొట్టి కొన్నవాళ్లు, లేదా పాత డ్రమ్ముకో సింకుకో పంపు బిగించి సొంతంగా తయారు చేసుకున్నవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో ఏం పోయాలి, తక్కువ ఖర్చులో ఏది సరిపోతుంది? జవాబులు మాత్రం మనిషికొకటి. ఒకరు కిరోసిన్ అంటారు, ఒకరు డీజిల్ అంటారు, ఇంకొకరు పెట్రోలు పోస్తే నిమిషంలో తళతళలాడుతుందంటారు, మరొకరు ఇవేవీ వద్దు, వేడి సబ్బు నీళ్లు చాలంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి ముందున్న పార్ట్‌కి, ఎవరి దగ్గరున్న మురికికి వాళ్ల జవాబు పనిచేసింది. కానీ మీ దగ్గరికి వచ్చే పార్ట్‌లు వేరు, మీ మెషీను వేరు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సాల్వెంట్‌ని, అంటే జిడ్డుని కరిగించే ద్రవాన్ని, లీటరు ధర చూసి కొంటే చివరికి దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఖర్చవుతుంది. ముందు చూడాల్సింది మీ మెషీను ఏ ద్రవం కోసం తయారైందన్నది. తర్వాత మీరు కడిగే మురికి ఏ రకమన్నది. ధర మూడోది, అది కూడా లీటరుకి ఎంత అని కాదు, ఒక పార్ట్ శుభ్రం కావడానికి ఎంత అని.

మెషీనుతో మొదలుపెడదాం. తక్కువ ధరకి దొరికే చిన్న పార్ట్స్ వాషర్లలో చాలావాటి మీద "నీటి ఆధారిత ద్రవాలకు మాత్రమే" అనో "మండే ద్రవాలు వాడకూడదు" అనో రాసి ఉంటుంది. స్టిక్కరే కదా అని వదిలెయ్యొద్దు. అందులోని పంపు మోటారు, స్విచ్చు, లైటు ఇవేవీ ఆవిరి తగిలినా నిప్పు పుట్టకుండా మూసి చేసినవి కావు. పంపు లోపలి సీళ్లు కూడా నీటికి తట్టుకునే రబ్బరుతో చేసి ఉండొచ్చు, అందులో కిరోసిన్ పోస్తే కొన్నాళ్లకి ఉబ్బి పంపు బిగుసుకుపోతుంది. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. సాల్వెంట్ కోసం చేసిన మెషీనులో వేడి డిటర్జెంట్ నీళ్లు పోస్తే పెయింట్ లేచిపోయి తొట్టి తుప్పు పడుతుంది, హీటరు లేదు కాబట్టి నీళ్లు చల్లగానే ఉంటాయి, ఇంక అవి సరిగ్గా పనిచెయ్యవు. కాబట్టి మెషీను ఇంతకు ముందే కొనేసి ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

సాల్వెంట్ కోసం చేసిన మంచి వాషర్ మూతకి ఒక చిన్న లోహపు లింకు ఉంటుంది, ఫ్యూజిబుల్ లింక్ అంటారు. లోపల మంట లేస్తే ఆ వేడికి అది కరిగి తెగిపోతుంది, మూత దానంతట అదే పడి గాలి అందక మంట ఆరుతుంది. అది విరిగిపోయిందని ఇనుప కడ్డీ పెట్టి మూతని నిలబెట్టే పని మాత్రం చెయ్యకండి. ఆ మెషీనులో అన్నిటికన్నా విలువైన భాగం అదే.

ఇక ఫ్లాష్ పాయింట్. మొత్తం విషయంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఒక ద్రవం పైన నిప్పు రవ్వ తగిలితే గుప్పుమని అంటుకునేంత ఆవిరి తయారవడానికి కావలసిన కనీస ఉష్ణోగ్రతే ఫ్లాష్ పాయింట్. పెట్రోలుకి అది సున్నాకి దిగువన 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది, అంటే గడ్డకట్టే చలిలో కూడా పెట్రోలు తొట్టి మీద మండే ఆవిరి సిద్ధంగానే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు 1.4 వంతులు చేరితే చాలు, అంటుకుంటుంది. పైగా అది గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి పోకుండా నీళ్లు పల్లానికి పారినట్టు నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న గ్రైండరు రవ్వనో, కంప్రెసరు స్విచ్చునో, గీజరు మంటనో అందుకుంటుంది. అక్కడ అంటుకున్న మంట ఆ దారినే వెనక్కి తొట్టి దాకా వస్తుంది. పెట్రోలు జిడ్డుని చాలా బాగా కరిగిస్తుంది, అందులో అనుమానం లేదు. అయినా పార్ట్స్ వాషర్‌లో పెట్రోలుకి చోటు లేదు, కొంచెమైనా, ఒక్కసారికైనా. అందులో ఉండే బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థమని రుజువైంది, అది చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. నిప్పు సంగతి పక్కనపెట్టినా ఈ ఒక్క కారణం చాలు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. వందేళ్ల కిందట అమెరికాలో డ్రై క్లీనింగ్ దుకాణాలు బట్టల్ని పెట్రోలు లాంటి ద్రవాలతోనే ఉతికేవి, తరచూ తగలబడేవి. 1920ల్లో స్టాడార్డ్ అనే డ్రై క్లీనింగ్ వ్యాపారి ఒక పరిశోధన సంస్థతో కలిసి, జిడ్డుని కరిగించాలి కానీ మామూలు గది వేడిలో అంటుకోకూడదన్న లెక్కతో ఒక పెట్రోలియం ద్రవాన్ని తయారు చేయించాడు. ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు ఉండాలన్నది దాని షరతు. స్టాడార్డ్ సాల్వెంట్ అన్న పేరుతో అది నిలిచిపోయింది. ఈ రోజు మనం మినరల్ స్పిరిట్ అనీ, వైట్ స్పిరిట్ అనీ, మినరల్ టర్పెంటైన్ అనీ డబ్బాల మీద చూసేవన్నీ ఆ కుటుంబానివే. పార్ట్స్ వాషర్‌కి మొదటి నుంచీ అలవాటైన ద్రవం కూడా ఇదే.

కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ కూడా కనీసం 38 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. రకాన్ని బట్టి ఇంకా పైకి పోతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 38 అన్నది చల్లటి దేశాల్లో నిశ్చింతగా ఉండదగ్గ సంఖ్య. ఎండాకాలంలో రేకుల షెడ్డు లోపల 42, 43 డిగ్రీలున్న చోట తొట్టిలోని కిరోసిన్ అప్పటికే తన ఫ్లాష్ పాయింట్ దాటి కూర్చుంటుంది. అలాంటి చోట హై ఫ్లాష్ రకం మినరల్ స్పిరిట్, అంటే ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలు దాటినది వాడాలి. డబ్బా మీద, లేదా దానితో వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఆ సంఖ్య తప్పకుండా ఉంటుంది. ఆ షీట్ ఇవ్వని అమ్మకందారు దగ్గర విడిగా డ్రమ్ముల్లోంచి పోసే "క్లీనింగ్ ఆయిల్" కొనకపోవడమే మంచిది, ఎందుకంటే అందులో ఏం కలిసిందో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

ఫ్లాష్ పాయింట్ ఎక్కువుందని ధీమాగా ఉండేవాళ్లు మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ద్రవాన్ని తుంపరలుగా కొడితే ఫ్లాష్ పాయింట్ కన్నా చాలా తక్కువ వేడిలోనే అంటుకుంటుంది. కిరోసిన్‌ని గాలి గన్నుతో పొగమంచులా చిమ్ముతూ ఇంజిన్ కడగడం అందుకే ప్రమాదం. రెండు, ద్రవం పీల్చుకున్న గుడ్డ దీపం వత్తిలా పనిచేస్తుంది, తొట్టిలో అంటుకోని ద్రవం గుడ్డలో సులువుగా అంటుకుంటుంది. వాడిన గుడ్డల్ని మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వెయ్యాలి. మూడోదే అన్నిటికన్నా మోసం చేసేది. కార్బురేటరు విప్పి, గిన్నెలో మిగిలిన పెట్రోలుతో సహా తొట్టిలో ముంచుతారు. ఇంధన పంపు, ఇంజెక్టరు రైలు కూడా అలాగే. ప్రతిసారీ కొన్ని చుక్కల పెట్రోలు లోపలికి పోతుంది. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు కొద్దిగా కలిసినా మొత్తం తొట్టి ఫ్లాష్ పాయింట్ దారుణంగా పడిపోతుంది. అప్పుడు డబ్బా మీద 60 అని రాసి ఉన్న సాల్వెంటు మీ తొట్టిలో 60 కాదు. పెట్రోలు తడిసిన పార్ట్‌ని ముందు విడిగా ఒక పాత్రలోకి వంచి, బయట గాలి తగిలే చోట పూర్తిగా ఆరనిచ్చాకే వాషర్‌లో పెట్టాలి.

మురికి సంగతికొద్దాం. జిడ్డు అని ఒకే మాట అంటాం కానీ ఒక పాత గేర్‌బాక్సు హౌసింగు తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూడండి. బయట మట్టీ గ్రీజూ కలిసి అట్టకట్టిన మడ్డి. లోపల పల్చటి నూనె పొర. జాయింటు అంచున ఎండిన గాస్కెట్ ముక్కలు, వాటి పక్కన సిలికాన్ సీలెంట్ చారలు. ఎక్కడో ఒక మూల గోధుమరంగులో గట్టిపడి, గోరుతో గీకినా రాని వార్నిష్ లాంటి పొర. ఇంజిన్ పార్ట్ అయితే పిస్టన్ నెత్తిన నల్లటి బొగ్గు. వీటన్నిటికీ ఒకే ద్రవం పనిచెయ్యదు.

నూనె, గ్రీజు పెట్రోలియం నుంచి వచ్చినవి, కాబట్టి కిరోసిన్, మినరల్ స్పిరిట్ లాంటివి వాటిని ఇట్టే కరిగిస్తాయి. మట్టి ఏ సాల్వెంట్‌లోనూ కరగదు. దాన్ని పట్టుకున్న గ్రీజు కరిగితే రాలి అడుక్కి చేరుతుంది, అంతే. నీళ్లు, డిటర్జెంట్ మట్టికి ఎక్కువ నప్పుతాయి. ఎండిన వార్నిష్‌కి ఇంకా గట్టి సాల్వెంట్ కావాలి. సాల్వెంట్ ఎంత గట్టిదో కొలవడానికి కౌరీ బ్యూటనాల్ విలువ అనే కొలత ఉంది, డేటా షీట్లలో కేబీ విలువ అని కనిపిస్తుంది. ఆ కొలతకి టొల్యూన్‌ని ప్రమాణంగా తీసుకుని దానికి 105 ఇచ్చారు. మామూలు మినరల్ స్పిరిట్‌కి అది సుమారు 30 నుంచి 40 మధ్య ఉంటుంది, నారింజ తొక్కల నుంచి తీసే లిమోనీన్‌కి 67 దగ్గర. సంఖ్య పెద్దదైతే మరక త్వరగా కరుగుతుంది, నిజమే. కానీ అదే వేగంతో ఆయిల్ సీళ్లనీ, ప్లాస్టిక్ ముక్కల్నీ, పెయింట్‌నీ కూడా తింటుంది. రోజూ నూనె మరకలే కడిగేవాళ్లు కేబీ విలువ వెంటపడాల్సిన పనిలేదు.

బొగ్గు సంగతి వేరు. పిస్టన్ మీదా వాల్వుల మీదా పేరుకున్న బొగ్గుని పార్ట్స్ వాషర్‌లో పోసే ఏ చౌక ద్రవమూ కరిగించదు. రాత్రంతా నానబెట్టినా తడిసిన బొగ్గే మిగులుతుంది. దానికి శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ క్లీనరో, సరైన రసాయనమో, చేత్తో గీకుడో కావాలి. బొగ్గు పోవడం లేదని సాల్వెంట్ మార్చుకుంటూ పోయేవాళ్లు ఆ డబ్బుతో మంచి బ్రష్షులు కొనుక్కోవచ్చు.

ఇప్పుడు ఒక్కో ద్రవం. డీజిల్ సులువుగా దొరుకుతుంది, ఫ్లాష్ పాయింట్ కూడా కిరోసిన్ కన్నా సాధారణంగా ఎక్కువే. కానీ అది బరువైన నూనె, దాదాపు 360 డిగ్రీల దాకా మరిగే భాగాలు అందులో ఉంటాయి. అందుకే ఆరదు. పార్ట్ మీద జిగట పొర వదిలేస్తుంది, ఆ పొర దుమ్ముని పట్టుకుంటుంది, చేతులకి వాసన రెండు రోజులైనా పోదు. ట్రాక్టరు యాక్సిల్ లాంటి భారీ పార్ట్ మీది మడ్డిని మొదట వదులు చెయ్యడానికి సరిపోతుంది. అంతకు మించి దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. కిరోసిన్ దీనికన్నా పల్చన, బాగా చొచ్చుకుపోతుంది, పొర తక్కువ. బేరింగుల్లాంటి వాటికి ఆ కొద్దిపాటి పొర మేలే చేస్తుంది, కడిగిన వెంటనే తుప్పు పట్టనివ్వదు. అదే పార్ట్‌కి పెయింట్ వెయ్యాలన్నా, గాస్కెట్ సీలెంట్ పూయాలన్నా, బోల్టుకి థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వెయ్యాలన్నా ఆ పొర తీసేదాకా ఏదీ అంటుకోదు. (బేరింగ్ మాట వచ్చింది కాబట్టి: కడిగాక గాలి గన్నుతో దాన్ని గిర్రున తిప్పి ఆరబెట్టొద్దు. నూనె లేకుండా ఆ వేగంలో తిరిగితే గుండ్లు, ట్రాక్ దెబ్బతింటాయి, పగిలి ఎగిరితే మనిషికే ప్రమాదం.)

మినరల్ స్పిరిట్ ఈ రెండిటికన్నా లీటరుకి ఎక్కువే ఉంటుంది. కానీ మరిగే ఉష్ణోగ్రతల శ్రేణి ఇరుకు, అంటే డీజిల్‌లోలా ఆలస్యంగా ఆవిరయ్యే బరువైన భాగాలు లేవు, కాబట్టి చాలా తక్కువ పొర వదిలి నెమ్మదిగా ఆరిపోతుంది. నెమ్మదిగా ఆరడం ఇక్కడ మంచి లక్షణం. థిన్నర్, ఎసిటోన్ లాంటివి ఎందుకు పనికిరావంటే, అవి తొట్టిలోంచే గాలిలోకి వెళ్లిపోతాయి, మీరు కొన్నదాంట్లో పెద్ద వంతు ఎవరూ వాడకుండానే ఖర్చయిపోతుంది. ఎసిటోన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకి దిగువన సుమారు 20 డిగ్రీలు, కాబట్టి ప్రమాదంలో పెట్రోలుకి దగ్గరి చుట్టమే. అవి చిన్న సీసాలో, చివరి తుడుపుకి మాత్రమే.

క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు, అంటే ట్రైక్లోరోఎథిలీన్, పర్‌క్లోరోఎథిలీన్, మిథిలీన్ క్లోరైడ్, ఒకప్పుడు వర్క్‌షాపులకి వరంలా కనిపించాయి. మామూలుగా అంటుకోవు, గ్రీజుని క్షణాల్లో తీసేస్తాయి, పొర వదలవు. వాటి ఖరీదు తర్వాత బయటపడింది. ట్రైక్లోరోఎథిలీన్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది, 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దాన్ని నిషేధిస్తూ తుది నిబంధన ప్రకటించింది. వర్క్‌షాపుకి ఇంకో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఈ సాల్వెంట్ తడి మిగిలిన పార్ట్ మీద వెల్డింగ్ చేస్తే ఆ వేడికి, ఆర్క్ వెలుతురుకి అది విడిపోయి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువు అది. పాత డ్రమ్ము ఒకటి ఎక్కడో చవగ్గా దొరికిందని తెచ్చుకోవద్దు. బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో కూడా కొన్ని క్లోరిన్ రకాలుంటాయి, వెల్డింగ్ చేసే చోట డబ్బా మీది పదార్థాల పట్టిక చదవాలి.

క్లోరిన్ లేనిదైతే చాలదా అంటే, అదీ కాదు. 1999, 2000 ప్రాంతంలో కాలిఫోర్నియాలో కొందరు ఆటో మెకానిక్‌లకి చేతులూ కాళ్లూ తిమ్మిర్లు, బలహీనత వచ్చాయి. వాళ్లు రోజూ వాడే క్లీనింగ్ స్ప్రేలలో ఉన్న ఎన్-హెక్సేన్ నరాల్ని దెబ్బతీసిందని 2001లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదిక ఇచ్చింది. చౌకగా వచ్చే త్వరగా ఆరే క్లీనర్లలో హెక్సేన్ ఉందో లేదో చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం తప్పకుండా పెట్టండి.

లిమోనీన్, సిట్రస్ క్లీనర్ అని అమ్మేది బాగా పనిచేస్తుంది, వాసన బాగుంటుంది. అందుకని ప్రమాదం లేదనుకోవడం తప్పు. దాని ఫ్లాష్ పాయింట్ 48 డిగ్రీల దగ్గర, గాలి తగిలి పాతబడే కొద్దీ చర్మానికి అలర్జీ తెప్పిస్తుంది, రబ్బరుని ఉబ్బిస్తుంది, ఖరీదు కూడా. తొట్టి నిండా పోసేది కాదు.

ఇంక నీళ్లు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలా వర్క్‌షాపులకి నిజంగా చౌకైన దారి ఇదే అని నా అభిప్రాయం, దీన్ని ఒకసారి వాడి వదిలేసినవాళ్లలో ఎక్కువమంది చల్లటి నీళ్లతో వాడి వదిలేసినవాళ్లే. క్షార డిటర్జెంట్ నూనెని కరిగించదు, దాన్ని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్లలో తేలేలా చేస్తుంది. ఆ పని జరగాలంటే గ్రీజు మెత్తబడాలి, అంటే వేడి ఉండాలి. బ్రష్షు పట్టుకుని చేత్తో కడిగే సింకులో 40 నుంచి 50 డిగ్రీలు, తలుపు మూసి లోపల జల్లుతో కొట్టే క్యాబినెట్‌లో 60 నుంచి 80 డిగ్రీలు మామూలు. గది వేడిలో ఉన్న నీళ్లతో పావుగంట తోమినా పోని మడ్డి వేడి నీళ్లలో నిమిషాల్లో జారిపోతుంది. హీటరు కరెంటు ఖర్చు ఉంటుంది, నిజమే, కానీ చిక్కటి డిటర్జెంట్ కాన్సన్‌ట్రేట్‌ని నీళ్లలో చాలా పల్చగా కలుపుతాం కాబట్టి తొట్టిలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. నిప్పు భయం లేదు.

నీళ్లతో రెండు చిక్కులున్నాయి. మొదటిది అల్యూమినియం. చవగ్గా అవుతుందని కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్లలో ఇనుప పార్ట్‌లతో పాటు ఒక అల్యూమినియం సైడ్ కవరు వేస్తే ఏం జరుగుతుందో చూడండి: ముందు సన్నటి బుడగలు, తర్వాత సోడా సీసా తెరిచినంత నురగ, కొద్ది నిమిషాల్లో మెరిసే లోహం బూడిద రంగుకి, ఆ తర్వాత నల్లగా మారుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్. లోహం కరిగిపోతోంది, మెషీన్ చేసిన ముఖాలు ఇక సమంగా ఉండవు. జింకు పూత ఉన్న బోల్టులకీ ఇదే గతి. సోడియం మెటాసిలికేట్ లాంటి సిలికేట్లు కలిపిన డిటర్జెంట్లు అల్యూమినియం మీద రక్షణ పొర కట్టి ఈ దాడిని ఆపుతాయి. కాబట్టి డబ్బా మీద అల్యూమినియంకి వాడొచ్చని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. కాస్టిక్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, అందుకని కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లనే కూడదు.

రెండోది తుప్పు. ఇనుప పార్ట్ నీళ్లలోంచి తీసి బల్ల మీద పెట్టి టీ తాగి వచ్చేలోపు నారింజ రంగు పొర వచ్చేస్తుంది. డిటర్జెంట్‌లో తుప్పుని ఆపే రస్ట్ ఇన్హిబిటర్ ఉండాలి, పార్ట్ వేడిగా ఉన్నప్పుడే తీసి గాలితో ఊదాలి (లోహం వేడే తడిని చాలావరకు ఆరబెట్టేస్తుంది), వెంటనే పల్చటి నూనె పూత వెయ్యాలి. ఆయిల్ గ్యాలరీల్లాంటి సన్నటి రంధ్రాల్లో నీళ్లు దాక్కుంటాయి, అక్కడ ఊదడం మర్చిపోతే కడిగిన పార్టే ఇంజిన్‌కి ఎసరు పెడుతుంది. నూనెని తినే సూక్ష్మజీవులు కలిపిన నీటి వాషర్లు కూడా ఉన్నాయి. ఆ ద్రవం చాలాకాలం నిలుస్తుంది, కానీ వేడి ఎక్కువైనా, బ్లీచ్ లాంటిది పడినా సూక్ష్మజీవులు చచ్చిపోయి అది వట్టి సబ్బు నీళ్లే అవుతుంది.

సాల్వెంట్ అయినా నీళ్లయినా, బ్రేకు భాగాల దగ్గర ఆగి ఆలోచించాలి. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వాడే వ్యవస్థల్లో రబ్బరు సీళ్లు సాధారణంగా ఈపీడీఎం రబ్బరువి. ఇంజిన్ ఆయిల్ సీళ్లు మామూలుగా నైట్రైల్ రబ్బరువి, వాటికి కిరోసిన్ కాసేపు తగిలినా పర్లేదు. ఈపీడీఎంకి మాత్రం పెట్రోలియం అంటే పడదు. మాస్టర్ సిలిండర్ కప్పుని (లోపలి రబ్బరు సీలుని) కిరోసిన్‌లో వేసి కొన్ని గంటల తర్వాత కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది: అంచు పొంగి, మెత్తగా, వేలితో నొక్కితే సాగుతూ ఉంటుంది. అది బోరులో బిగుసుకుంటే బ్రేకు పట్టేసి వదలదు. బ్రేకు హైడ్రాలిక్ భాగాల్ని బ్రేక్ ఫ్లూయిడ్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో, దానికోసమే చేసిన క్లీనర్‌తోనో కడగాలి. పార్ట్స్ వాషర్ వైపు వాటిని తీసుకెళ్లకపోతే అసలు గొడవే లేదు.

ఇప్పుడు డబ్బు. సాల్వెంట్ ఖర్చుని నిర్ణయించేది లీటరు ధర కన్నా అది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే. 60 లీటర్ల తొట్టి అనుకుందాం. ఒకరు సగం ధర ద్రవం పోసి రెండు నెలలకోసారి మారుస్తారు, ఇంకొకరు దానికి రెట్టింపు ధర ఉన్న ద్రవం పోసి ఎనిమిది నెలలు నడుపుతారు. మొదటివాళ్లు ఆ ఎనిమిది నెలల్లో నాలుగు సార్లు నింపారు, అంటే సగం ధరవి 240 లీటర్లు. రెండోవాళ్లు ఒక్కసారి, 60 లీటర్లు. మొదటివాళ్ల ఖర్చు రెండు రెట్లయింది, పైగా పారబొయ్యాల్సిన మురికి ద్రవం నాలుగు రెట్లు.

నిలిచేలా చేసేది ద్రవం పేరు కాదు, వాడే పద్ధతి. తొట్టిలో పెట్టే ముందు పుట్టీ బ్లేడుతో మడ్డి గీకి పాత అట్టపెట్టె మీదికి రాల్చడం అన్నిటికన్నా పెద్ద పొదుపు. మురికిలో ఎక్కువ భాగం అలాగే పోతుంది, సాల్వెంట్‌కి మిగిలేది పల్చటి పొర మాత్రమే. తర్వాత రెండు తొట్ల పద్ధతి: మొదటి కడుగు పాత ద్రవంలో, ఆఖరి కడుగు చిన్న పాత్రలో ఉన్న శుభ్రమైన ద్రవంలో. పాతది మరీ పాడైపోయాక రెండోది మొదటి స్థానంలోకి వస్తుంది, కొత్తది రెండో పాత్రలోకి పోస్తారు. పంపు అడుగు నుంచి కొంచెం పైనుంచి పీల్చేలా పెట్టండి, లేకపోతే కూర్చున్న మడ్డినే మళ్లీ పార్ట్ మీద పోసుకుంటారు. పని లేనప్పుడు మూత మూసి ఉంచండి. రెండు మూడు రోజులు కదపకుండా వదిలేస్తే నల్లగా కనిపించే మినరల్ స్పిరిట్‌లో చాలా మడ్డి అడుక్కి చేరుతుంది, పైన తేరుకున్నదాన్ని వంచుకుని, ఫిల్టరు చేసి మళ్లీ వాడొచ్చు. రంగు మారింది కదా అని పారబొయ్యనక్కర్లేదు. శుభ్రమైన గాజు పలక మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. జిడ్డు ముద్ర చిక్కగా మిగిలితే దానిలో నూనె నిండిపోయిందని అర్థం, అప్పుడే మార్చాలి.

ఎవరైనా నన్ను సూటిగా అడిగితే ఇలా చెబుతాను. ఎక్కువగా మట్టి, గ్రీజు పట్టిన ఇనుప పార్ట్‌లు కడిగేవాళ్లు హీటరు ఉన్న తొట్టిలో అల్యూమినియంకి పనికొచ్చే క్షార డిటర్జెంట్ పోసుకుని, ఆఖరి కడుగుకి ఒక మూత ఉన్న ఇనుప పాత్రలో కొద్దిగా హై ఫ్లాష్ మినరల్ స్పిరిట్ ఉంచుకోవాలి. బేరింగులు, గేర్లు, కార్బురేటర్ల లాంటి సన్నపాటి పనే ఎక్కువైతే సాల్వెంట్ వాషరే కొని అందులో హై ఫ్లాష్ మినరల్ స్పిరిట్ పోయాలి. అది దొరకని చోట కిరోసిన్ రెండో ఎంపిక, గాలి బాగా ఆడే చోట, వేడి తక్కువున్న వేళ, తుంపర కొట్టకుండా. ఏడాదికి ఒకటి రెండు సార్లే పని పడేవాళ్లకి తొట్టి నింపడమే దండగ, ఒక ఇనుప ట్రే, ఒక బ్రష్షు, రెండు లీటర్లు చాలు. ఏది వాడినా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పల్చటి లేటెక్స్ గ్లవ్స్ పెట్రోలియం ద్రవాలకి ఆగవు. దుమ్ము మాస్కు ఆవిరిని ఏమాత్రం ఆపదు.

చివరికి మిగిలే మురికి ద్రవాన్ని కాలువలోనో నేల మీదో పొయ్యకూడదని అందరికీ తెలుసు, అయినా పోస్తున్నారు. పెట్రోలియం సాల్వెంట్ భూమిలోకి ఇంకితే బావి నీళ్ల దాకా వెళ్తుంది. డిటర్జెంట్ నీళ్లయినా అందులో నూనె, పార్ట్‌ల నుంచి రాలిన సీసం, రాగి లాంటి లోహాలు ఉంటాయి కాబట్టి అవీ మామూలు మురుగు కాదు. నీళ్ల పైన తేలిన నూనెని తీసి వాడేసిన ఇంజిన్ ఆయిల్ డబ్బాలో వేసుకోవచ్చు. సాల్వెంట్‌ని విడిగా, పేరు రాసిన డబ్బాలో ఉంచి, అనుమతి ఉన్న వ్యర్థాల సేకరణ వాళ్లకి ఇవ్వాలి. క్లోరిన్ ఉన్న క్లీనర్‌ని మాత్రం దేనితోనూ కలపొద్దు. కొద్దిగా కలిసినా ఆ డ్రమ్ము మొత్తాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తారు, మామూలుగా వాడిన ఆయిల్ కొనేవాళ్లు దాన్ని ముట్టుకోరు. సేకరణకి ఎంతవుతుందో ద్రవం కొనే ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని లీటరు ధరకి కలిపి చూసుకోండి.